ఒక్కటీ ఒప్పు కాని జవాబులు

పోయిన వారం మనం సేబతిని వదిలిపెట్టింది కటక్‌లో, పిల్లల ఆసుపత్రి గేటు ముందు, ఆటో దిగుతుండగా. ఒక చేతిలో బడివాళ్ళిచ్చిన ఉత్తరం. ఇంకో చేతిలో ఎనిమిదేళ్ళ కుని చెయ్యి. రెండేళ్ళ కిందట పెద్దకూతురు లిపి జ్వరంతో పోయింది. అప్పటినుంచీ కుని చదువు అడుగంటింది. అక్షరాలు తిరగరాస్తుంది, కూడికలు తప్పు చేస్తుంది, అడిగిందానికి పొంతన లేకుండా చెబుతుంది. “మెదడు పరీక్ష చేయించి కాగితం తెండి. లేదంటే ఇలాంటి పిల్లల బడి వేరే ఉంటుంది, అందులో వేసుకోండి” అని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది. కుని తండ్రి నిరాకార్ వెండి తీగపని చేస్తాడు. రోజంతా తల వంచుకుని వెంట్రుకంత తీగను పువ్వులుగా అల్లే మనిషి, గొంతెత్తి ఎరగడు. అలాంటివాడు ఆ పొద్దున గుమ్మానికి అడ్డం నిలబడి, “అక్కడికెళ్తే తోడి తోడి అడుగుతారు. నేను రాను. నువ్వూ వెళ్ళొద్దు” అన్నాడు. సేబతి అతని చేతికింద నుంచి దూరి, కూతుర్ని లాక్కుని వచ్చేసింది.

ఇక ఇప్పుడు రెండో అంతస్తులో, చెక్కబెంచీ మీద కూర్చుని ఉంది.

“సూది వేస్తారా, బొవూ?” కుని అడగడం అప్పటికి ఏడోసారి. తల్లిని ఆ పిల్ల బొవు అని, తండ్రిని బాపా అని పిలుస్తుంది.

“వెయ్యరే. చెప్పాను కదా.”

“మరి నా చెయ్యి ఎందుకింత గట్టిగా పట్టుకున్నావు?”

సేబతి పట్టు సడలించింది. బెంచీ ఆ చివర ఒకావిడ, లావుపాటి మనిషి, ఒళ్ళో సంచి పెట్టుకుని మరమరాలు నములుతోంది. అడక్కుండానే అందుకుంది. “మొదటిసారా? భయపడకమ్మా. నేనూ మొదటిరోజు ఏడ్చాను. లోపల చూస్తే ఏముంది, చెక్కముక్కలూ బొమ్మల అట్టలూ! మావాడైతే ఆ డాక్టరమ్మ కళ్ళజోడు లాగి తను పెట్టుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, ‘ఎలా కనబడుతున్నానురా’ అనడిగింది. ఇంతకీ మీ పిల్లకేంటి?”

“చదువు రావట్లేదు.”

“అంతేనా! మా ఆయనకీ రాలేదు, రేషన్ షాపు నడుపుతున్నాడు.” ఆవిడ మరమరాల పొట్లం కుని ముందుకు చాపింది. కుని నవ్వింది. ఆ నవ్వు చూసి సేబతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో నవ్వడం మానేసి ఎన్నాళ్ళయిందో.

తలుపు తీసింది క్లినికల్ సైకాలజిస్టు బిజయినీ మిశ్ర. యాభై దాటిన మనిషి, సంబల్పురీ నేతచీర, చెవులదాకా తెల్లబడ్డ జుట్టు. తల్లిని పలకరించలేదు ముందు. కుని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“నేను సూది డాక్టర్ని కాను. చూసుకో, చేతుల్లో ఏమీ లేవు. నా గదిలో మందుల్లేవు. బొమ్మలున్నాయి, ముక్కలు పేర్చే ఆటలున్నాయి, ప్రశ్నలున్నాయి. కొన్ని మరీ తేలిక. కొన్ని నీకంటే పెద్దవాళ్ళు కూడా తెల్లమొహం వేసేవి. రాకపోతే రాదను, అంతే. విసుగొస్తే చెయ్యెత్తు, ఆపేద్దాం. మీ బొవు ఇక్కడే, ఈ గోడకవతలే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసిపోవచ్చు. సరేనా?”

“మార్కులు వేస్తారా?” అంది కుని.

“బళ్ళో వేసేలాంటివి వెయ్యను. పాసూ లేదు, ఫెయిలూ లేదు.”

కుని ఆ మాట నమ్మినట్టు లేదు. మార్కులు రావని బెంగేమో అనుకుంది సేబతి.

ముందు తల్లితో మాట్లాడాలంది బిజయిని. కునిని పక్కగదిలో ఆయా దగ్గర రంగుపెన్సిళ్ళతో కూర్చోబెట్టి, సేబతికి కుర్చీ చూపించింది. దస్తా కాగితాలు ముందు పెట్టుకుంది. ప్రశ్నలు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో బాగుండేదా? నెలలు నిండాక పుట్టిందా? పుట్టగానే ఏడ్చిందా? ఎన్నో నెలలో కూర్చుంది, ఎప్పుడు నడిచింది, మొదటి మాట ఏమిటి? ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా? మూర్ఛ? చెవులు, కళ్ళు చూపించారా? నిద్ర ఎలా పోతుంది? ఏం తింటుంది? ఎవరితో ఆడుకుంటుంది?

సేబతి జవాబులు చెబుతూ పోయింది. పదకొండో నెలలోనే నడిచింది. మొదటి మాట ‘అపా’, అంటే అక్క. అమ్మ అని కాదు, నాన్న అని కాదు. పొద్దస్తమానం లిపి వెనకాలే తిరిగేది. అయిదేళ్ళు నిండకముందే లిపి పుస్తకాలు తలకిందులుగా పట్టుకుని, ఎదురుగా కూర్చున్న లిపితోపాటు చదివేసేది.

“తలకిందులుగానా?” బిజయిని రాయడం ఆపింది.

“ఎదురుగా కూర్చునేది కదా మేడమ్. అలాగే అలవాటైపోయింది. అదీ ఇదీ కలిపి నవ్వులూ...” సేబతి ఆగిపోయింది.

“లిపి గురించి చెప్పగలరా? ఇప్పుడు వద్దనుకుంటే తరవాతైనా సరే.”

చెప్పింది. లిపికి పదకొండేళ్ళు. స్కాలర్‌షిప్పు పరీక్షకు జిల్లా మొత్తంమీద ఎంపికైన పిల్లల్లో ఒకతె. ఆ వారమే జాజ్‌పూర్‌లో తన తల్లికి జబ్బుచేస్తే, సేబతి శనివారం అక్కడికి వెళ్ళింది. బుధవారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి లిపి పరీక్ష రాసి ఇంటికొచ్చి పడుకుని ఉంది. ఒళ్ళు తాకితే కాలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఎన్నాళ్ళనుంచి జ్వరమని అడిగితే, ఇవాళ్టినుంచేనని సేబతే చెప్పింది. డెంగీ అన్నారు. ముందుగా తీసుకొస్తే దారి ఉండేదన్నారు. ఆదివారం తెల్లారేసరికి పిల్ల లేదు.

“అత్తగారు ఇప్పటికీ అంటుంది మేడమ్, తల్లి ఇంట్లో ఉంటే పిల్ల ఒళ్ళు తెలిసేది అని. నిజమే కదా. నేను వెళ్ళకుండా ఉండాల్సింది. మా అమ్మ ఇప్పుడు నిక్షేపంలా ఉంది. ఆవిణ్ణి చూస్తే కూడా నాకు కోపమొస్తుంది.”

బిజయిని నీళ్ళగ్లాసు ఆవిడ దగ్గరికి జరిపింది.

తరవాత కుని లోపలికి వెళ్ళింది, సేబతి బయట కూర్చుంది. తలుపు పూర్తిగా పడలేదు. మాటలు వినబడుతున్నాయి.

“వారానికి ఎన్ని రోజులు?”

“ఎనిమిది.”

“కుక్కకి ఎన్ని కాళ్ళు, కునీ?”

కాస్త ఆగి, “అయిదు.”

గేటు దగ్గర కుక్కని చూశావు కదే, తోకతో సహా లెక్కపెట్టావా నా తల్లీ, అనుకుంది సేబతి. లోపల కాగితం తిప్పిన చప్పుడు. “మూడు తరవాత?” “అయిదు.” “నీ చేతికి వేళ్ళెన్ని?” “ఆరు.” బిజయిని గొంతులో విసుగూ లేదు, మెచ్చుకోలూ లేదు. అన్నిటికీ ఒకటే “మంచిది, ఇంకోటి చూద్దాం”. బెంచీ మీది లావుపాటి ఆవిడ మరమరాలు నమలడం మానేసి తల పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడమే సేబతికి ఎక్కువ బాధేసింది. అయితే బడివాళ్ళు చెప్పింది నిజమే. ఒకతె మట్టిలోకి పోయింది, రెండోది ఇలా అయిపోయింది. వీళ్ళు రాసే కాగితంమీద ఆ మాట ఏ అక్షరాలతో ఉంటుందో, దాన్ని తను ఇంటికి ఎలా మోసుకెళ్ళాలో!

నడుమ ఒకసారి విరామం ఇచ్చారు. డబ్బాలో తెచ్చిన బియ్యప్పిండి అట్టు, చకులి పిఠా, కుని ఇష్టంగా తింది. తన ముక్కలో సగం తుంచి తల్లి నోట్లో పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి తలుపు గట్టిగా పడింది. గంట దాటాక బిజయిని ఒక్కతే బయటికొచ్చింది.

“సేబతిగారూ, కునివాళ్ళ నాన్నకి ఫోన్ చెయ్యొచ్చా? నంబరిస్తారా?”

“రాడు మేడమ్. రానని ఒట్టేసుకున్నాడు.”

“అడిగి చూస్తాను.”

నంబరిచ్చింది. బిజయిని వరండా చివరికెళ్ళి మాట్లాడింది, చాలాసేపు వింది. తిరిగొచ్చి సేబతిని లోపలికి పిలిచింది. కుని పక్కగదిలో ఆయాతో ఉంది. గాజుపలకలోంచి పిల్ల నడినెత్తి మీది పాపిడి కనబడుతోంది.

“రిపోర్టు రాయడానికి వారం పడుతుంది. బడినుంచి టీచర్ నింపిన కాగితం కూడా రావాలి. మామూలుగా అప్పుడే కూర్చోబెట్టి అన్నీ చెబుతాను. కానీ ఒక మాట వారం ఆగకూడదు. అందుకే పిలిచాను.”

“చెప్పండి మేడమ్. నేను విన్నాను. కుక్కకి అయిదు కాళ్ళంది.”

“అవును. ఇది చూడండి.” బిజయిని ఒక పుస్తకం తెరిచింది. పేజీకి నాలుగు బొమ్మలు. “నేను ఒక మాట చెబుతాను, పిల్ల సరైన బొమ్మ మీద వేలు పెట్టాలి. నలభై పేజీలు చూపించాను. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా నలభైలో పది దాకా ఒప్పయిపోతాయి, అదృష్టం కొద్దీ. కుని ఎన్ని ఒప్పు చెప్పిందో తెలుసా? ఒక్కటీ లేదు.”

సేబతి తల వంచుకుంది.

“తల వంచుకోకండమ్మా, నా మాట పూర్తిగా వినండి. నలభైకి నలభై తప్పు చెప్పాలంటే, ఏది ఒప్పో ముందు తెలియాలి. తెలిసి, దాన్ని వదిలేసి, పక్కదాని మీద వేలు పెట్టాలి. ఈ నలభైలో చివరి పది పేజీలైతే పన్నెండేళ్ళ పిల్లలకి కూడా కష్టం. మీ పిల్ల వాటిని కూడా తప్పించుకుంది.”

సేబతికి మాట అందలేదు. అందినట్టే ఉండి జారిపోయింది. “అంటే... అబద్ధమాడిందా?”

“నేను మంచినీళ్ళకని అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి పేర్చమన్న చెక్కముక్కలు అట్టమీది బొమ్మలాగే ఉన్నాయి. నన్ను చూసి గబుక్కున ఒక ముక్క తీసి పక్కన పెట్టింది. అప్పుడడిగాను. కునీ, ఒప్పుగా చేస్తే ఏమవుతుందీ అని. చాలాసేపు చెప్పలేదు. అడక్కుండా పక్కన కూర్చున్నాను. రంగులు వేసుకున్నాం. చివరికి తనే చెప్పింది. మీకు చెప్పొచ్చా అనడిగాను. చెప్పమంది.”

“ఏం చెప్పింది?”

“‘తెలివైన పిల్లల్ని దేవుడు తీసుకెళ్ళిపోతాడు. అపాని అందుకే తీసుకెళ్ళాడు. నేను మొద్దుగా ఉంటే ఇంట్లోనే ఉంటాను’ అంది.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది. సేబతి రెండు చేతులూ బల్లమీద పెట్టి గట్టిగా పట్టుకుంది, లేకపోతే కుర్చీ వెనక్కి పడిపోతుందేమో అన్నట్టు.

ఆ మాట తనదే.

లిపి పోయినప్పుడు ఇంటినిండా పరామర్శకు వచ్చినవాళ్ళు. ఎవరో అన్నారు, అంత చురుకైన పిల్ల, ఎంత అన్యాయం అని. నేలమీద కూర్చున్న సేబతి గోడకు తల కొట్టుకుంటూ అంది: “తెలివైన పిల్లలు మనలాంటి ఇళ్ళల్లో ఉంటారా? దేవుడు ఏరుకుని తీసుకెళ్తాడు. మొద్దుపిల్లనిచ్చి ఉంటే నాకే ఉండేది కదా!” అక్కడితో ఊరుకోలేదు. పక్కన బిక్కచచ్చి నిలబడ్డ ఆరేళ్ళ కునిని ఒళ్ళోకి లాక్కుని, దాని చెంపలు తడిపేస్తూ అంది: “నువ్వు మొద్దువైనా పరవాలేదే. నాకు చదువులొద్దు, మార్కులొద్దు. నువ్వు నా దగ్గరుండు, చాలు.”

పిల్ల ఆ మాట విన్నది. విని, తల్లి అడిగింది ఇచ్చింది. రెండేళ్ళుగా, రోజూ, బళ్ళో తోటిపిల్లలు నవ్వుతుంటే, టీచరు చెవి మెలిపెడుతుంటే, తల్లే విసుగెత్తి “ఎందుకే ఇలా తయారయ్యావు” అని వీపుమీద ఒకటి వేస్తుంటే, నోరు విప్పకుండా ఇస్తూనే ఉంది.

“నేను కొట్టాను మేడమ్.” అంది సేబతి. “మొన్నకూడా కొట్టాను. ఏడు, ఎనిమిది కలిపితే పదహారంది. పదిహేనని పదిసార్లు చెప్పించాను. పదకొండోసారి మళ్ళీ పదహారే అంది. కొట్టాను. నన్ను చూసి అది ఏడవలేదు మేడమ్. నా కళ్ళు తుడిచింది.”

అప్పుడు ఏడ్చింది సేబతి. లిపి పోయినప్పుడు అరుస్తూ ఏడ్చింది. ఇప్పుడు చప్పుడు లేకుండా, పైట నోట్లో కుక్కుకుని, గాజుపలక అవతలకు వినబడకూడదని ఏడ్చింది. బిజయిని లేచొచ్చి ఆవిడ భుజంమీద చెయ్యి వేసింది.

“మీరు దుఃఖంలో అన్నారు. పిల్ల ప్రేమకొద్దీ పట్టుకుంది. ఇందులో నేరం ఎవరిదీ కాదు. ఈ భయం పోగొట్టడానికి సమయం పడుతుంది. ఇవాళ ఇంటికెళ్ళి ‘నీ సంగతి తెలిసిపోయింది, ఇక ఒప్పుగా చెప్పు’ అనకండి. తొందర పెట్టకండి. వారంవారం తీసుకురండి. మీరు కూడా నాతో మాట్లాడాలి, విడిగా.”

“దేవుడు అలా తీసుకెళ్ళడని చెప్పొచ్చా?”

“చెప్పండి. లిపి పోయింది తెలివివల్ల కాదు, జబ్బువల్ల అని చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి.” బిజయిని బొమ్మల పుస్తకం మూసి పక్కన పెట్టింది. “ఇంకొకటుంది. కుని ఇంకో మాట కూడా చెప్పింది. కానీ అది మీకు చెప్పడానికి ఒప్పుకోలేదు. ‘బాపా వద్దన్నాడు’ అంది. అందుకని నేను చెప్పను. వాళ్ళ నాన్నతో మాత్రం, పిల్ల నెత్తిన ఒక బరువుంది, దించాల్సింది మీరే అన్నాను. ఏ బరువని ఆయన అడగలేదు.”

సేబతి మొహమెత్తింది. “బాపా వద్దన్నాడా? ఏ మాట?”

తలుపు చప్పుడైంది.

నిరాకార్ నిలబడి ఉన్నాడు. పని బట్టలతోనే వచ్చేశాడు. చొక్కా ముందుభాగమంతా వెండిపొడి అంటుకుని ఉంది, వేళ్ళ కొసలు ఆమ్లానికి నల్లబడి ఉన్నాయి. అతని వెనక పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చిన కుని. తండ్రి చొక్కా అంచు పిడికిట బిగించి పట్టుకుంది.

“కునీ, కాసేపు ఆయా దగ్గర...” బిజయిని లేవబోయింది.

“ఉండనివ్వండి మేడమ్,” అన్నాడు నిరాకార్. “దానికి తెలుసు. తెలియంది వాళ్ళ బొవుకే.”

అతను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని, నేలమీది టైల్స్ వైపు చూస్తూ నిలబడ్డాడు. సేబతి భర్తని అలా చూడటం ఎప్పుడూ లేదు. శవాన్ని ఎత్తినరోజు కూడా అతను నిటారుగానే నడిచాడు.

“ఏంటి, కుని బాపా?” అంది. “నాకు తెలియంది ఏంటి?”

“నువ్వు జాజ్‌పూర్‌లో ఉన్నప్పుడు.” అన్నాడతను. “లిపికి జ్వరం బుధవారం రాలేదు. అంతకుముందే వచ్చింది. కుని నా పనిబల్ల దగ్గరికొచ్చి చెప్పింది, బాపా, అపా ఒళ్ళు వేడిగా ఉందీ అని. చూశాను. మాత్ర ఇచ్చాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాను. పరీక్ష ఒక్కటి అయిపోనీ బాపా అని లిపే అంది. నేనూ అనుకున్నాను, ఒక్క పరీక్షే కదా. నీకు ఫోన్ చేస్తే బయల్దేరి వచ్చేస్తావు, పరీక్ష మాన్పించేస్తావు. బొవుకి చెప్పకు అని కునితో నేనే అన్నాను.”

నిరాకార్ ఆగకుండా చెప్పుకుపోయాడు.

“ఆసుపత్రిలో నువ్వు ‘ఇవాళ్టినుంచే’ అని చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. మాట రాలేదు. తరవాత మా అమ్మ నిన్ను అంటుంటే కూడా రాలేదు. ఒకరోజు దాటితే రెండో రోజు ఇంకా కష్టమైంది. అలా రెండేళ్ళు...”

“ఎన్నిరోజుల ముందు?” అంది సేబతి. చాలా నెమ్మదిగా అడిగింది, పాలవాణ్ణి లెక్క అడిగినట్టు.

నిరాకార్ కళ్ళెత్తలేదు. “ఒకరోజు. రెండు ఉంటాయేమో. నాకు సరిగ్గా...”

“మూడు.”

ముగ్గురూ కిందికి చూశారు. కుని తండ్రి చొక్కా వదిలేసింది. పిడికిలి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తోంది.

“ఆదివారం, సోమవారం, మంగళవారం. మూడు రోజులు, బాపా. నేను లెక్కపెట్టాను.”

చెప్పేసి, చెప్పకూడనిది చెప్పినట్టు రెండు చేతులతో నోరు మూసుకుని, బెదురు కళ్ళతో తల్లివైపు చూసింది. సేబతి కుర్చీలోంచి లేచి నిలబడింది.